అట్రాసిటీ కేసుల్లో నిందితుడి పాత మాటలు సాక్ష్యమవుతాయా?

'ఇది పొలం గట్టు తగాదా, కులానికి సంబంధం లేదు.' అట్రాసిటీ కేసుల్లో మనం తరచూ వినే డిఫెన్స్ వాదన ఇది. దీనికి జవాబు చాలాసార్లు నిందితుడు అంతకుముందు అన్న మాటల్లోనే ఉంటుంది. వాటిని కోర్టు ఎప్పుడు లెక్కలోకి తీసుకుంటుందో మనకు తెలిసి ఉండాలి.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన పఠాన్ జమాల్ వలి కేసు ఆంధ్రప్రదేశ్‌దే. చూపులేని దళిత యువతిపై 2011లో అత్యాచారం జరిగింది. అత్యాచారానికి పడిన జీవితఖైదును కోర్టు ఖాయం చేసింది. అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(2)(వి) కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. కులం కారణంగానే నేరం జరిగిందనే సాక్ష్యం రికార్డులో లేదన్నది.

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఈ సెక్షన్‌కు బాధితుల కులం తెలిసి నేరం చేశారని చూపితే చాలు. వారితోగానీ, వారి కుటుంబంతోగానీ పరిచయం ఉంటే నిందితుడికి కులం తెలుసనే కోర్టు భావించాలని సెక్షన్ 8(సి) చెబుతోంది. కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. అయినా పాత మాటల అవసరం తీరలేదు. సెక్షన్ 3(1)(ఆర్) కింద కులం కారణంగానే అవమానించారని చూపాలని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ భూమి తగాదాలో పుట్టిన కేసే.

2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 6 ప్రకారం నేర ప్రేరణ, సన్నాహం, ప్రవర్తనలను చూపే సంగతులు సాక్ష్యమవుతాయి. సెక్షన్ 12 ప్రకారం ద్వేషం, ఉద్దేశం వంటి మనఃస్థితిని చూపేవీ అవుతాయి. అయితే ఆ సెక్షన్‌లోని ఉదాహరణ (పి) ఒక గీత గీసింది. ఈ నేరమే చేస్తానన్న అర్థం వచ్చే మాట చెల్లుతుంది. అలాంటి నేరాలు చేసే స్వభావం ఉందని మాత్రమే సూచించే మాట చెల్లదు.

'వీళ్లంతా ఇంతే' అని టీకొట్టు దగ్గర ఎప్పుడో అన్న మాట ఒక్కటే నిలబడటం కష్టం. 'ఆ పెళ్లి ఊరేగింపు మా వీధిలోంచి ఎలా పోతుందో చూస్తా' అని దాడికి రెండు రోజుల ముందు అన్న మాట నేరుగా కేసుకు అతుకుతుంది.

కాబట్టి ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, ఏ గొడవలో అన్నాడో, ఎవరు విన్నారో మొదటి ఫిర్యాదులోనే రాయించాలి. దూషించిన మాటను 'కులం పేరుతో తిట్టాడు' అని కుదించకుండా అన్నది అన్నట్టే రాయించాలి. విన్నవాళ్లు పోలీసులకిచ్చే వాంగ్మూలంలోనూ అది ఉండాలి. కోర్టులో మొదటిసారి చెబితే తర్వాత కల్పించారంటారు. వాట్సాప్ మెసేజ్, ఆడియో ఉన్న ఫోన్‌ను అలాగే భద్రపరచాలి. కాపీ ఇస్తే సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. పోలీసుల ముందు నిందితుడు నేరం ఒప్పుకున్నాడని ధీమా పడొద్దు. సెక్షన్ 23 ప్రకారం అది అతనిపై రుజువుగా చెల్లదు.

ఊరంతా విన్న మాటైనా రికార్డుకెక్కకపోతే జడ్జి చెవిన పడదు. ఎక్కించే పని మొదటి రోజే మొదలుపెడదాం.