నిద్రలో ముక్కు పనిచేయదు



తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చిన మన పెద్దలు ఇంట్లోనే మగ్గం పెట్టుకున్నారు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కింద మరమగ్గాలు, నూలు కట్టలు, పైన సంసారం. నూలుకు నిప్పంటితే భగ్గుమనకముందు చాలాసేపు లోలోపలే రాజుకుంటుంది. ఆ పొగ వాసన నిద్రపోయేవాళ్లను లేపుతుందని నమ్మలేం. లేపేది చప్పుడే.

1930లలో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే పరికరం చేయబోయారు, కుదరలేదు. విసుగొచ్చి సిగరెట్ వెలిగిస్తే, ఆ పొగకే మీటరు ముల్లు కదిలింది! పొగ అలారానికి మూలం అదే. 1960లలో అమెరికాలో డ్యూయేన్ పియర్సాల్ బ్యాటరీతో నడిచేది తయారుచేశాక ఇళ్లకు దారి పడింది.

యేగర్ పద్ధతి అలారం ఎగసే మంటను త్వరగా పడుతుంది. లోలోపల రాజుకునే నిప్పుకు ఫోటోఎలక్ట్రిక్ రకం మేలు, మనకు కావలసింది అదే. మగ్గాల గదిలో వద్దు, నూలు దుమ్ముకు ఊరికే మోగుతుంది. మెట్ల పైన, పడకగదుల్లో పైకప్పుకు బిగించండి. పొయ్యికి 10 అడుగుల దూరం ఉంచండి. 10 ఏళ్లకు మార్చండి.

నెలకోసారి, మగ్గాలు నడుస్తుండగానే బటన్ నొక్కండి. పైన పడుకున్న అమ్మకు వినిపించిందా అని అడగండి.