ఇల్లు చూసుకోవడం ఒకప్పుడు ఇద్దరి పని

పోయిన ఎండాకాలం మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. వెనకాల ఉన్న పాత అర్రను కూలగొట్టాలా, బాగు చేసుకోవాలా అని. అది మా మామయ్య వాళ్ల నాయన కట్టించిన మట్టి గోడల అర్ర. మా అత్తమ్మ ఇప్పటికీ అందులోనే పడుకుంటుంది. ముందు వైపు స్లాబు గదులున్నా, ఎండాకాలం మధ్యాహ్నం మేమందరం చేరేది కూడా అక్కడికే. మేస్త్రీకి చూపిస్తే "దీని మీద పెట్టేదంతా దండగ, పడగొట్టి రెండు రూములు లేపుకోండి" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క మాకు అందేది కాదు. "మనమే చేసుకుందాం పా" అన్నారు మా ఆయన.

మొదటి తప్పు అక్కడే చేశాం. పెచ్చులూడిన చోటల్లా సిమెంటు మెత్తాం. వారం రోజులు పొద్దున సాయంత్రం నేనే నీళ్లు కొట్టాను. నాలుగు వానలు పడ్డాక ఒక పొద్దున చూస్తే మెత్తిందంతా పలకలా ఊడి కింద పడి ఉంది. పోతూ పోతూ వెనకాల ఉన్న పాత మన్నును కూడా పట్టుకొచ్చింది. అత్తమ్మ ఆ పెళ్లను చూసి, "మట్టికి మట్టే అంటుకుంటది బిడ్డా. మేం ఏటేటా పూసుకోలేదా?" అన్నది.

ఆ "ఏటేటా" అన్న మాట నా మనసులో ఉండిపోయింది. ఇప్పుడు ఇంటి పని అంటే పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఒకసారి అప్పు చేసి చేయించేది. అప్పుడు ప్రతి ఏడూ చేసుకునేది. ఈ మార్పు ఎప్పుడు, ఎలా వచ్చిందో తెలుసుకుందామని కూర్చుంటే, మా చుట్టుపక్కల చరిత్రే కొంత తెలిసింది.

మా సుల్తానాబాద్ చాలాకాలం కరీంనగర్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 అక్టోబరు నుంచి పెద్దపల్లి జిల్లాలో ఉన్నాం. మాకు దగ్గర్లోనే ఎలిగేడు మండలంలో ధూళికట్ట ఉంది. అక్కడ శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం, మట్టికోట ఉన్నాయి. 1970ల తవ్వకాల్లో ఇటుక కట్టడాలు కూడా బయటపడ్డాయి. అంటే ఇటుక మనవాళ్లకు రెండు వేల ఏళ్ల కిందటే తెలుసు. అయినా ఊళ్లల్లో మామూలు ఇల్లు మాత్రం మొన్నమొన్నటి దాకా మట్టితోనే లేచింది. మన్ను ఊళ్లోనే దొరుకుతుంది, కొనే పని లేదు. చెరువు మన్నో, గుంట మన్నో తెచ్చి, నీళ్లు పోసి తొక్కి, మూరెడు ఎత్తున ఒక వరుస పెట్టేవాళ్లు. అది గట్టిపడ్డాక దాని మీద ఇంకో వరుస. దూలాలు, దంతెలు, దర్వాజలు వడ్లాయన పని. గూనపెంకలు కుమ్మరి పని. సారె మీద పొడుగాటి గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి, ఆవంలో కాల్చేవాళ్లు. కూలి చాలావరకు వడ్ల కొలతల్లోనే.

గూనపెంకకు మేకు ఉండదు, ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటుంది అంతే. గాలికి, కోతులకు, పిల్లులకు కదిలిపోతుంది. అందుకే మిరుగం రాకముందే ఇంటాయన పైకెక్కి పెంకలు సదిరేవాడు. కింద నుంచి ఆమె అందించేది, పిల్లలు పగిలినవి ఏరేవాళ్లు. వానలు వెలిశాక ఆమె వంతు. వాన దెబ్బకు గుంటలు పడ్డ గోడను ఎర్రమన్నుతో పూడ్చడం, పేడతో అలకడం, బతుకమ్మ పండుగ లోపల సున్నం వేసి కింద జాజు పట్టీ తీయడం. మళ్లీ ఉగాదికి ఇంకోసారి. ఏ గోడ ఎక్కడ తడుస్తుందో, ఏ మూలకు చెదలు వస్తుందో ఇల్లాలికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదు. ఎందుకంటే ప్రతి జానెడూ ఆమె చెయ్యి తగిలిందే.

అయితే అంతా బాగుండేదని నేను అనను. పెంకుటిల్లు కూడా అందరికీ లేదు. వాడకట్టుల్లో చాలామందివి తాటికమ్మల గుడిసెలు, గడ్డి కప్పిన గుడిసెలు. ఒక్క నిప్పురవ్వకు వరుసంతా కాలిపోయేది. దొరల గడీలకు మాత్రం డంగు సున్నం. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక పోసి ఎద్దులతో రాతి చక్రం తిప్పించి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి వాడేవాళ్లు. వెట్టి నడిచిన నిజాం కాలంలో ఆ గడీ పనులకు ఊరి కులాలవాళ్లు కూలి లేకుండానే పోవలసి వచ్చేది. తన ఇల్లు అలుక్కోకముందే గడీ వాకిలి ఊడ్చి అలికిన ఆడవాళ్లు ఎంతమందో.

మొదట మారింది పైకప్పు. మనం "బెంగుళూరు పెంక" అని పిలుచుకునేది నిజానికి మంగళూరుది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1865లో మంగళూరులో పెంకల ఫ్యాక్టరీ పెట్టింది. యంత్రంతో అచ్చు పోసిన ఆ పెంకకు గాడి ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటుంది, గూన కదిలినట్టు కదలదు. అది వచ్చిన ఇళ్లల్లో ఏటేటా పైకెక్కే పని తగ్గింది. అంటే ముందుగా తేలికైంది మగవాళ్ల వంతు. గోడలు మట్టివే కాబట్టి ఆడవాళ్ల వంతు అలాగే ఉండిపోయింది.

తర్వాత వచ్చింది సిమెంటు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రీ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1914లో గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో తయారీ నిలదొక్కుకుంది. సున్నపురాయి, బొగ్గు రెండూ ఉన్న మా వైపుకు అది రాకుండా ఉంటుందా? 1958లో మంచిర్యాలలో, 1969లో బసంత్‌నగర్‌లో ఫ్యాక్టరీలు వచ్చాయి. మా ఊరి నుంచి రామగుండం పోయే దారిలో పెద్దపల్లి దాటితే బసంత్‌నగరే. ఫ్యాక్టరీ ఇంత దగ్గర ఉన్నా సిమెంటు బస్తా అంత తేలిగ్గా దొరికేది కాదు. అప్పట్లో సిమెంటు మీద ప్రభుత్వ కంట్రోలు, పర్మిట్లు ఉండేవి. 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తేశాక బస్తాలు బజార్లోకి వచ్చాయి. అదే కాలంలో సర్కారు ఇళ్లు కూడా మొదలయ్యాయి. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది, ఇందిరా ఆవాస్ యోజన 1985లో, ఇందిరమ్మ పథకం 2006లో వచ్చాయి. గుడిసె కాలిపోతుందన్న భయం లేకుండా చాలామంది నిద్రపోయింది ఈ ఇళ్లల్లోనే. ఇంకొక మంచి కూడా జరిగింది. ఇందిరా ఆవాస్ ఇల్లు ఆడవాళ్ల పేరు మీదనో, భార్యాభర్తలిద్దరి పేరు మీదనో ఇవ్వాలని నియమం పెట్టారు. తరతరాలుగా గోడలు పూసిన చేతికి మొదటిసారి ఇంటి కాయితం అందింది.

కానీ సరిగ్గా అదే సమయంలో ఇంటి పని మాత్రం ఆ చేతిలోంచి జారిపోయింది. సిమెంటు గోడకు ఏటేటా పూత అక్కరలేదు. నడుములు విరిగే అలుకుడు తప్పింది, దానికి నేను సంతోషించేదాన్నే. అయితే తలుపు ఏ వైపు పెట్టాలి, కిటికీ ఎంత ఎత్తులో ఉండాలి అన్న మాటలు మేస్త్రీకీ ఇంటాయనకూ మధ్యకు వెళ్లిపోయాయి. మనకు మిగిలింది గోడకు నీళ్లు కొట్టడం, పనివాళ్లకు చాయ్ పెట్టడం. మీ ఇల్లు కట్టినప్పుడు వంటింటి గట్టు ఎత్తు మిమ్మల్ని అడిగి పెట్టారా? మా ముందు గదుల్లో నన్నెవరూ అడగలేదు. పద్దెనిమిదేళ్లుగా నేను మడమలెత్తి నిలబడే వండుతున్నాను. అదే మేస్త్రీ కింద తలమీద తట్ట పెట్టుకుని మాల్ మోసేవాళ్లు మాత్రం ఎక్కువగా ఆడవాళ్లే.

ఇక మా అర్ర సంగతి. సిమెంటు ఎందుకు ఊడిందో ఇప్పుడు నాకు అర్థమైంది. మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. సిమెంటు ఆ చెమ్మను బయటకు పోనివ్వదు, గోడతో పాటు కదలదు. లోపల నీరు నిలిచి మన్ను మెత్తబడుతుంది, పై పొర విడిపోతుంది. అందుకని మిగిలిన సిమెంటు కూడా ఉలితో తీసేశాం. ఎర్రమన్ను జల్లించి, రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక, కొంచెం పేడ కలిపి, నాలుగు రోజులు నానబెట్టి తొక్కాం. నల్లమన్ను కలుపుతానన్నారు మా ఆయన. "అది ఆరితే పగుల్లిస్తది, వద్దు" అని అత్తమ్మ మంచం మీద నుంచే ఆపింది. గోడను తడిపి, పలుచగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. పైన పెంకలు ఆయన సదిరారు, కింద నుంచి నేనూ మా అమ్మాయీ అందించాం.

ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో లెక్కలేదు. నిచ్చెన పట్టుకోమంటే ఫోన్ మాట్లాడుతున్నావని ఆయన, మన్ను గట్టిగా కలిపారని నేను. కానీ పెళ్లయ్యాక ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఒకే పని ఇన్ని రోజులు చేసింది ఇదే. పోసిన మన్నును మధ్యాహ్నం ఎండలో పక్కపక్కన నిలబడి తొక్కుతుంటే, మధ్యలో ఏదో ఒక మాట వస్తుంది. పిల్లల ఫీజుల నుంచి, ఎప్పుడో మనసులో పెట్టుకున్న మాట దాకా.

ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందు సున్నం వేశాం. జాజు పట్టీ తీస్తానని అత్తమ్మ పట్టుబట్టింది. చెయ్యి వణికి గీత వంకరపోయింది. సరిచేయబోయిన మా అమ్మాయిని ఆయనే ఆపారు. ఈసారి వానలు వెలిశాక మళ్లీ పూత పూయాలి, ఆ వంకర గీతను మాత్రం అలాగే వదిలేస్తాం. వంటింటి గట్టు సంగతి కూడా ఎత్తాను. "కొలత నువ్వే చెప్పు" అన్నారు మా ఆయన.