మంచుమీద పరిచిన పచ్చిక

బంతి బయటికి పోవటమనేది లేని ఫుట్‌బాల్ ఒకటుందని ఎవరైనా చెబితే మీరు నమ్ముతారా? మన పల్లెల్లో ఫుట్‌బాల్ ఆడిన ప్రతివాడికీ తెలుసు, ఆటలో సగం సేపు పక్కవాడి చేలోనో, ముళ్ళకంపలోనో పడ్డ బంతిని వెతుక్కోవటంతోనే గడిచిపోతుంది. అలాంటిది, నాలుగుపక్కలా గోడలు కట్టి, నెత్తిన కప్పు వేసి, గోడకు తగిలిన బంతి తిరిగి ఆటలోకే వచ్చేటట్టు చేశారు అమెరికావాళ్ళు. అచ్చం మన క్యారమ్ బోర్డే! కాకపోతే ఇక్కడ కాయలకు కాళ్ళుంటాయి.

మనం ఫుట్‌బాల్ అనే ఆటను వాళ్ళు సాకర్ అంటారు. ఫుట్‌బాల్ అనే పేరును బంతిని చంకన పెట్టుకు పరుగెత్తే వేరే ఆటకు పెట్టుకున్నారు. సరే, వాళ్ళ ఆట, వాళ్ళ పేరు. పెలే అంతటివాడు 1975లో న్యూయార్క్ కాస్మాస్ జట్టులో చేరి, 1977 దాకా ఆడి చూపించినా, బయట మైదానాల్లో సాకర్ వాళ్ళ ఒంటికి పూర్తిగా పట్టలేదు.

మరి ఈ హాలులో ఆట ఎలా పుట్టింది? మూఢం వచ్చిన నెలల్లో కల్యాణమండపం యజమాని మొహం ఎలా ఉంటుందో చూశారుగా! అమెరికాలో పెద్ద పెద్ద క్రీడాశాలలున్నవాళ్ళదీ అదే అవస్థ. మంచు పలకమీద హాకీ ఉన్న రాత్రి జనం, బాస్కెట్‌బాల్ ఉన్న రాత్రి జనం, తక్కిన రాత్రులు దీపాలు ఆర్పుకుని కూర్చోవటం. 1974 ఫిబ్రవరి 11న ఫిలడెల్ఫియాలోని స్పెక్ట్రమ్ హాలులో, మాస్కోనుంచి వచ్చిన రెడ్ ఆర్మీ జట్టుకూ, ఆ ఊరి ఆటమ్స్ జట్టుకూ కప్పు కింద సాకర్ పోటీ పెట్టారు. రష్యావాళ్ళు 6-3తో గెలిచారు. గెలుపు సంగతి అటుంచండి. చూడటానికి 11,790 మంది వచ్చారు. వాళ్ళ మధ్య ఎడ్ టెప్పర్ అనే ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఆటతోపాటు కుర్చీలు కూడా లెక్కపెట్టుకుని ఉంటాడని నా అనుమానం.

నాలుగేళ్ళకు టెప్పర్, ఎర్ల్ ఫోర్‌మన్ అనే మరొకాయనా కలిసి మేజర్ ఇండోర్ సాకర్ లీగ్ అని ఒకటి నిలబెట్టారు. ఆరే ఆరు జట్లు: న్యూయార్క్, ఫిలడెల్ఫియా, హ్యూస్టన్, క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్, సిన్సినాటి. జట్టుకు 24 ఆటలు. 1978 డిసెంబరు 22 రాత్రి న్యూయార్క్ దాపున నసావ్ కొలీసియంలో మొదటి పోటీ. సిన్సినాటి కిడ్స్ యజమానుల్లో ఒకడైన పీట్ రోజ్ లాంఛనంగా తొలి బంతి తన్నాడు. ఆయన బేస్‌బాల్‌లో పేరుమోసిన ఆటగాడు. పెళ్ళికి ఊరి పెద్దను పిలిచినట్టన్నమాట. జనం 10,386 మంది. న్యూయార్క్ యారోస్ 7-2తో గెలిచారు.

ఆ ఆట జరిగే తీరు కాస్త చెప్పాలి. హాకీకోసం గడ్డకట్టించిన మంచును కరిగించరు. దానిమీదనే పలకలు పరిచి, పైన కృత్రిమమైన పచ్చిక చాప వేస్తారు. కింద మంచు, పైన పచ్చిక! పదకొండుమంది బదులు గోలీతో కలిపి ఆరుగురు. గోలు వెడల్పు 12 అడుగులు, అంటే బయట ఆటలో ఉండేదాంట్లో సగం. పదిహేనేసి నిమిషాల నాలుగు భాగాలు. రెండు మూడు నిమిషాలు ప్రాణం పెట్టి పరుగెత్తటం, ఆయాసంతో బయటికి రావటం, ఇంకొకడు గోడ దాటి లోపలికి దూకటం. తప్పు చేసినవాణ్ణి, బడిలో బెంచీ ఎక్కించినట్టు, రెండు నిమిషాలు విడిగా కూర్చోబెడతారు. బయటి ఫుట్‌బాల్‌లో గంటన్నర కూర్చుంటే ఒక గోలో, సున్నాయో. ఇక్కడ ఒక్క రాత్రిలో పది చూడొచ్చు. ఇది ఫుట్‌బాలే కాదని పెదవి విరిచిన పెద్దలు లేకపోలేదు. వాళ్ళమాట పూర్తిగా కాదనలేను గాని, ఆటకు వచ్చినవాడు ఆవులించకుండా ఇంటికెళ్ళటం కూడా ఒక గుణమే కదా!

ఇక అసలు మనిషి దగ్గరకు వద్దాం. పేరు స్లావిషా జుంగుల్. యుగోస్లావియాలో స్ప్లిట్ అనే సముద్రతీరపు ఊళ్ళో హైడూక్ జట్టువాడు. జాతీయ జట్టుకు కూడా ఆడాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఒక కట్టుబాటుండేది: 28 ఏళ్ళు నిండితేగాని ఆటగాడు పరాయిదేశపు జట్టులో చేరకూడదు. సైన్యంలో పనిచేయటం సరేసరి. 1978 డిసెంబరులో ఈ కుర్రాడు న్యూయార్క్‌లో తేలాడు. వయసు 24. యారోస్ జట్టుకు శిక్షకుడు డాన్ పొపోవిచ్ కూడా యుగోస్లావియాలో పుట్టినవాడే. మాట తెలిసినవాడొకడు దొరకటం పరాయి ఊళ్ళో ఎంత ధైర్యమో, మన ఊరు వదిలి వెళ్ళినవాళ్ళనడగండి.

హైడూక్ వాళ్ళు అతన్ని వదలమన్నారు. ప్రపంచ ఫుట్‌బాల్ వ్యవహారాలు చూసే ఫీఫా నిషేధం పెట్టింది. ఏ దేశంలోనూ బయట మైదానంలో కాలు పెట్టటానికి వీల్లేదు. అయితే ఈ కప్పు కింద ఆట ఫీఫా లెక్కలోకి రాదు. అంటే భూమ్మీద అతను బంతి తన్నుకు బతకటానికి మిగిలిన చోటు, మంచుమీద పరిచిన ఆ పచ్చిక చాప ఒక్కటే.

దానిమీదే అతను విజృంభించాడు. ఆ మొదటి సీజనులో 18 ఆటలు ఆడి 43 గోల్స్ చేశాడు. గోడకు కొట్టిన బంతి ఏ కోణంలో తిరిగొస్తుందో ముందే అక్కడికి చేరి నిలబడేవాడట. స్లావిషా కాస్తా స్టీవ్ అయ్యాడు. లీగులో ఉత్తమ ఆటగాడనీ అతన్నే అన్నారు. వెనకాల గోలు కాసింది షెప్ మెస్సింగ్, పెలేతో కలిసి కాస్మాస్‌కు ఆడినవాడు. లీగు ఆటలన్నీ అయ్యేసరికి అందరికంటె పైన నిలిచింది హ్యూస్టన్ జట్టు. కాని చివరి పోటీలో ఫిలడెల్ఫియాను వరసగా రెండు ఆటల్లో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది యారోస్. తొలి బంతి తన్నిన పీట్ రోజ్‌గారి సిన్సినాటి జట్టు రెండో ఏడు చూడలేదు.

యారోస్ 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగు కప్పులు గెలిచారు. 1980-81లో జుంగుల్ ఒక్కడే 108 గోల్స్ చేశాడు. పత్రికలవాళ్ళు అతన్ని కప్పుకింది లోకానికి ప్రభువన్నారు. సరిగ్గా ఆ నాలుగో కప్పు గెలిచిన ఏడాది, 1982 జూన్‌లో, స్పెయిన్‌లో జరిగిన ప్రపంచ కప్పులో యుగోస్లావియా ఆడింది. అప్పటికి జుంగుల్‌కు ఇంకా 28 నిండలేదు. కట్టుబాటుకు తలవంచి ఇంటిదగ్గరే ఉండి ఉంటే ఆ జట్టులో ఉండేవాడా? ఉండేవాడనే నాకు అనిపిస్తుంది. అతనికెలా అనిపించిందో మనం చెప్పగలిగింది కాదు.

1983లో నిషేధం తొలిగింది. ఆరుబయట ఆడటానికి దారి తెరుచుకుంది. 1984లో బయటి ఆటల లీగులో కూడా ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. తీరా ఆ లీగే ఆ సీజనుతో ఆగిపోయింది. మళ్ళీ కప్పు కిందికే వచ్చాడు. ఆ ఇండోర్ లీగు కూడా 1992లో మూతపడింది.

2023లో అమెరికా జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాళ్ళ పేర్లలో జుంగుల్ పేరుంది. అదే జాబితాలో లాండన్ డోనవన్ పేరూ ఉంది. డోనవన్ మూడు ప్రపంచ కప్పులు ఆడాడు. జుంగుల్ ఒక్కటీ ఆడలేదు.