శ్రుతి నిర్ణయం ఎవరిది? పడమటి గోదావరి సీమలో గాత్ర శిక్షణ చరిత్ర

తెలుగు సంగీత చరిత్ర రచనలో వాగ్గేయకారులకు, గురుపరంపరలకు, కచేరీలకు దక్కిన చోటు గొంతును తీర్చిదిద్దిన పద్ధతులకు దక్కలేదు. ఎవరి వద్ద ఎవరు ఎన్ని కృతులు నేర్చుకున్నారన్న సమాచారం సమృద్ధిగా లభిస్తుంది. ఆ కృతులు పాడగల గొంతు ఎలా తయారైందన్న విషయం మాత్రం ఒకటి రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. గాత్ర శిక్షణలో గురువు తీసుకునే తొలి నిర్ణయం శ్రుతి గురించినది. ఏ పిల్లవాడు ఏ శ్రుతిలో పాడాలి? ఆ నిర్ణయం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉండినదో గమనిస్తే ఈ శిక్షణ చరిత్ర కొంత స్పష్టమవుతుంది. ఉత్తరాన జంగారెడ్డిగూడెం మెట్ట నుండి తాడేపల్లిగూడెం, ఏలూరుల మీదుగా కొల్లేటి దాకా వ్యాపించిన సీమను ఆధారంగా చేసుకొని ఆ పరిశీలన చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సీమ 1925లో కృష్ణా జిల్లా నుండి విడివడి, ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా అయింది. 2022లో ఇందులో కొంత భాగం ఏలూరు జిల్లాగా ఏర్పడింది. సంగీత విద్య విషయంలో దీని స్థితి విలక్షణమైనది. తూర్పున విజయనగరం, పడమట విజయవాడ అనే రెండు పెద్ద విద్యాకేంద్రాల నడుమ ఇది ఉంది. 1900లో రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద రైలు వంతెన పూర్తయ్యాక ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రైలెక్కినవారు ఆ రెండు దిక్కులకూ పోగలిగారు. రైలుమార్గం లేని జంగారెడ్డిగూడెం మెట్టవారు ముందుగా ఆ ఊళ్లకు చేరుకోవలసి వచ్చేది. గురువు దగ్గర ఉండి నేర్చుకునే విద్యకు ఈ దూరం చిన్న అడ్డంకి కాదు.

శ్రుతి విషయం అంకెలలో చూస్తే తేలికగా బోధపడుతుంది. గాయకుల వాడుకలో ఒకటో శ్రుతి అంటే ఆధారషడ్జం సెకనుకు సుమారు 131 కంపనాలు గలది. నాలుగో శ్రుతికి అది 175, ఐదో శ్రుతికి 196. కర్ణాటక కచేరీలో గాయకుడు మంద్ర పంచమం నుండి తారాస్థాయి పంచమం వరకు, అంటే రెండు స్థాయిల మేర, సంచరించగలగాలన్నది సాధారణమైన అపేక్ష. ఒకటో శ్రుతిలో పాడే పురుషునికి ఆ మేర 98 నుండి 392 కంపనాల వరకు ఉంటుంది. ఐదో శ్రుతిలో పాడే స్త్రీకి 147 నుండి 587 వరకు. అదే స్త్రీని ఒకటో శ్రుతిలో కూర్చోబెడితే మంద్రం అందదు. స్థాయి పెంచి పాడమంటే తార పంచమం 784 కంపనాలకు పోతుంది, గొంతు బిగుసుకుంటుంది. అర శ్రుతి తేడా కూడా కొన్ని గొంతులను కాపాడుతుంది, కొన్నింటిని చెడగొడుతుంది.

గురుకుల పద్ధతిలో ఈ నిర్ణయం గురువు చెవిది. ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్న ప్రసిద్ధ గురుకులం విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951) నడిపినది. త్యాగరాజ శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన శిష్యులు పంతులుగారు. శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ బాల్యంలోనే శిష్యుడయ్యాడు. ఏలూరు దాపున సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామి అదే గురువు వద్ద చేరి వాయులీన విద్వాంసుడయ్యాడు. గాత్రం నేర్చేవారు, వాద్యం నేర్చేవారు ఒకే గురుకులంలో ఉండడం గమనింపదగినది. కర్ణాటక పద్ధతిలో వాద్య విద్యకు కూడా గొంతే మూలం. పాడి చూపనిదే వాయించి చూపడం చాలదు.

గురుకులాన్ని మరీ ఆదర్శంగా చిత్రించడం కూడా సరికాదు. శిష్యుడు గురువుతో కలిసి పాడేటప్పుడు చాలాసార్లు గురువు శ్రుతిలోనే పాడవలసి వచ్చేది. అయినా వేకువనే మంద్రస్థాయి సాధన, ఆకారసాధకం, సరళీ జంటస్వరాలు మూడు కాలాలలో పాడించడం వంటివి ఒక్కొక్క గొంతును రోజూ వినే అవకాశం గురువుకు ఇచ్చాయి. మగపిల్లవాడికి గొంతు మారే వయస్సు వస్తే ఆ సంగతి ముందుగా గుర్తించేది ఆయనే. కొన్నాళ్లు తారాస్థాయి మాన్పించాలా, శ్రుతి దించాలా అన్నది ఆయన వివేకానికి సంబంధించిన విషయం. ఈ వివేకం ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు. తర్వాత వచ్చిన విద్యావ్యవస్థకు అది వారసత్వంగా అందకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

గురుకులానికి సమాంతరంగా, దానికంటే ఎక్కువమందిని తాకిన శిక్షణ ఇంకొకటి ఉంది. అది పద్యనాటకం. పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో ధార్వాడ నాటక సమాజాల ప్రదర్శనల ప్రభావంతో కోస్తా పట్టణాలలో నాటక సమాజాలు పుట్టాయి. రాత్రంతా సాగే ఆటలో, మైకు లేని రోజులలో, చివరి వరుసలో కూర్చున్నవాడికి పద్యం వినిపించాలి. నటునికి సంగీతం చెప్పేది చాలాచోట్ల హార్మోనిస్టే. కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే ఆ హార్మోనియం నిండైన ధ్వనిని మించి గొంతు పైకి రావాలంటే శ్రుతి పెంచక తప్పదు. పురుష పాత్రధారి నాలుగో శ్రుతిలో పద్యం ఎత్తుకుంటే తార షడ్జం 349 కంపనాలు, తార పంచమం 523. కచేరీ గాయకుడు ఎప్పుడో ఒకసారి తాకి వచ్చే ఎత్తులో ఇతడు రాగం తీసి నిలవాలి, ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ తీయాలి. ఇక్కడ శ్రుతి నిర్ణయించింది గురువు కాదు, ప్రేక్షకుడు.

ఈ పద్ధతి కంచుగొంతులను తయారుచేసింది. ఆ ఎత్తుకు తట్టుకోలేని గొంతులు జీరపోయి రంగస్థలం మీద నిలవలేకపోయాయి. పద్యాన్ని రాగాలతో సాగదీయడంపై బళ్లారి రాఘవ (1880–1946) వంటివారు అభ్యంతరం చెప్పారు. దానిని సాధారణంగా అభినయ పక్షాన చేసిన వాదంగానే పరిగణిస్తారు. గొంతు ఆరోగ్యం దృష్ట్యా కూడా ఆ వాదానికి విలువ ఉంది. కొల్లేటి గట్టునున్న ఆటపాకలో 1907లో జన్మించి, ఏలూరులో న్యాయవాదిగా స్థిరపడి, అక్కడే ప్రభాత్ థియేటర్‌ను స్థాపించిన బందా కనకలింగేశ్వరరావు ఈ సీమ రంగస్థలానికి పెద్ద దిక్కు. న్యాయస్థానంలో వాదించే గొంతు, రంగస్థలం మీద పద్యం చదివే గొంతు ఒకే మనిషిలో ఉండడం ఆ తరం ప్రత్యేకత. మాటకు గొంతు, పాటకు గొంతు అని వేరుగా ఆలోచించే అలవాటు అప్పటికి రాలేదు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. ద్వారం వేంకటస్వామినాయుడు అక్కడ వాయులీన ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులయ్యారు. గురువు ఇల్లు తరగతి గదిగా మారడం ఇక్కడ మొదలైంది. కులం, బంధుత్వం, గురువు ఇంటి వసతి వంటి హద్దులను దాటి విద్య అందడానికి కళాశాల చేసిన మేలు కాదనలేనిది. శిక్షణ పద్ధతిలో వచ్చిన మార్పు మాత్రం తగినంత చర్చకు రాలేదు. తరగతికి పాఠ్యప్రణాళిక కావాలి, పరీక్ష కావాలి. ఎన్ని వర్ణాలు, ఎన్ని కృతులు అన్నది ప్రణాళికలో రాయవచ్చు. ఈ అమ్మాయి గొంతు అర శ్రుతి దిగాలి అన్నది రాయడం సాధ్యం కాదు. తరువాతి కాలపు ప్రభుత్వ కళాశాలలలో నాలుగేళ్ల సర్టిఫికెట్టు, రెండేళ్ల డిప్లొమా అనే మెట్లు ఏర్పడినప్పుడు ఈ లక్షణం మరింత స్థిరపడింది. బాలమురళీకృష్ణ తొలి అధ్యక్షులుగా పనిచేసిన విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాల తర్వాత ఘంటసాల పేరు ధరించింది. పడమటి గోదావరి విద్యార్థులకు దగ్గరి కళాశాల అదే.

తరగతిలో మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి కూర్చుంటారు. మధ్యలో ఒకే తంబురా. ఒకటో శ్రుతి పెడితే ఆడపిల్లలకు ఇబ్బంది, ఐదో శ్రుతి పెడితే గొంతు మారిన మగపిల్లలకు ఇబ్బంది. రెండింటి నడుమ ఏదో ఒక శ్రుతిని ఎంచుకుంటే ఇరువురికీ కొంత కొంత ఇబ్బంది. 1970ల చివర ఎలక్ట్రానిక్ శ్రుతి యంత్రం వచ్చాక మీట తిప్పి ఏ శ్రుతినైనా క్షణంలో పెట్టగలిగే సౌకర్యం కలిగింది. అయినా పదిమంది ఒకేసారి పాడే తరగతికి ఒక్క శ్రుతే కావాలి కనుక సమస్య మారలేదు. యంత్రం లోపం కాదిది, బోధన ఏర్పాటు లోపం.

ఘంటసాల వేంకటేశ్వరరావు ఉదాహరణ ఇక్కడ వివరంగా చూడదగ్గది. 1922లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో, అంటే కొల్లేటికి అవతలి వైపున, పుట్టిన ఆ యువకుడు విజయనగరం వెళ్లి మధుకరం ఎత్తుకొని చదివాడు. ఆయనకు గొంతు తీర్చినవారు పట్రాయని సీతారామశాస్త్రి. పట్రాయనివారు తానే హార్మోనియం వాయించుకుంటూ పాడే విద్వాంసులు. కళాశాల ఉన్నా, శిక్షణ నడిచింది గురుకులం తీరులోనే అనడానికి ఈ సంబంధమే నిదర్శనం. 1945 నాటి ‘స్వర్గసీమ’తో ఘంటసాల చలనచిత్ర గాయకుడయ్యాడు. పద్యం పాడడంలో ఆయన తెచ్చిన మార్పును విమర్శకులు అర్థస్ఫుటత అని, రాగాలాపన తగ్గించడం అని వివరిస్తారు. గాత్ర శిక్షణ దృష్టితో చూస్తే దాని వెనుక మైక్రోఫోన్ ఉంది. మైకు ముందు చివరి వరుస లేదు. శ్రుతి దింపవచ్చు, మంద్రంలో మాట పలికించవచ్చు, ఊపిరిని దాచుకోవచ్చు. రంగస్థలం పద్యానికి తప్పనిసరి చేసిన ఎత్తును మైకు రద్దు చేసింది. అయితే మైకు కోసం మెత్తగా పాడిన గొంతు అంతకు ముందు మైకు లేకుండా సాధన చేసినదన్న సంగతి మరవరాదు. ఆ సాధన లేకుండా ఆ మెత్తదనాన్ని అనుకరించినవారి పాట నీరసంగా వినిపించడం ఆశ్చర్యం కాదు.

1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషితో లలిత సంగీతం, భక్తిరంజని ఇంటింటికీ చేరాయి. 1940 నుండి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధంలోని సంగీతశాస్త్ర వాదం ఎలా ఉన్నా, రంగస్థలపు హెచ్చు శ్రుతికీ రేడియో గానానికీ మధ్య దూరాన్ని అది పెంచింది. ఓలేటి వెంకటేశ్వర్లు (1928–1989) వంటి విద్వాంసులు బోధించిన ‘సంగీత శిక్షణ’ ప్రసారాలు గురువు లేని ఊళ్లకు పాఠాన్ని తెచ్చాయి. రైలు చేరని ఊరికి కూడా రేడియో చేరుతుంది. పాఠం సాహిత్యం, స్వరం, గమకం శ్రద్ధగా నేర్పుతుంది. ఒక్కటే లోటు: రేడియో పాడుతుంది గాని వినదు. శిష్యుడు గురువు శ్రుతిలోనే వెంట పాడాలి, లేదా రేడియో ఆపి తన శ్రుతిలో తాను పాడుకోవాలి.

ఓలేటివారి గురువు శ్రీపాద పినాకపాణి (1913–2013) వైద్యులు, వైద్య కళాశాల ఆచార్యులు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం వంటివారిని తీర్చినవారు. ఉపాధ్యాయులను తయారుచేసిన ఉపాధ్యాయునిగా ఆయనకు సాటి రాగలవారు ఆంధ్రదేశంలో అరుదు. ఐరోపాలో ఇందుకు తిరుగుముఖమైన ఉదాహరణ ఉంది. గానబోధకుడైన మాన్యుయెల్ గార్సియా 1854లో చిన్న అద్దం సాయంతో తన స్వరతంత్రులను తానే చూసి, మరుసటి సంవత్సరం లండన్ రాయల్ సొసైటీకి ఆ పరిశీలనను సమర్పించాడు. పాట చెప్పేవాడు వైద్యానికి పనిముట్టు ఇచ్చాడు. తెలుగునాట వైద్యుడే పాట చెప్పాడు. కాని పినాకపాణి మహాగ్రంథం ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలూ ప్రధానంగా కృతులకు స్వరలిపి. గమకాన్ని అంత సూక్ష్మంగా కాగితం మీద పెట్టిన మరొక తెలుగు ప్రయత్నాన్ని చూపడం కష్టం. గొంతు విద్యను మాత్రం ఆయన శిష్యుని ఎదురుగా కూర్చోబెట్టుకొని నేర్పినదానికే వదిలారు. శరీరశాస్త్రం తెలిసిన ఆచార్యుడే దానిని కాగితం మీదకు తేకపోవడం ఉపేక్ష వల్ల అని అనుకోవడానికి వీలులేదు. అది లిపికి లొంగే విద్య కాదన్న అనుభవం వల్ల అనుకోవడమే సమంజసం.

శిక్షణ పూర్తిగా తరగతికి లొంగిపోని చోటు కూడా ఒకటి ఉంది. గోదావరి ఆవలి కపిలేశ్వరపురంలో 1973లో నెలకొన్న శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల విద్యార్థులను అక్కడే ఉంచి నేర్పింది. అక్కడి నుండి ఎందరో స్త్రీలు హరిదాసులయ్యారు. హరికథకురాలు నిలబడి, చిరతలు పట్టి, అడుగు వేస్తూ, మాట నుండి పద్యానికి, పద్యం నుండి కీర్తనకు గంటల తరబడి మారుతూ ఉండాలి. ఇందులో గొంతును పాటకు మాత్రమే పరిమితం చేయడం కుదరదు. పురుషుల గొంతుకు అమరిన కథాసంప్రదాయాన్ని స్త్రీల శ్రుతికి మార్చుకోవడం ఆ పాఠశాల తప్పనిసరిగా చేయవలసి వచ్చిన పని. దానిని ప్రత్యేకంగా అధ్యయనం చేసేవారు రావలసి ఉంది.

1996లో ఈటీవీ ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక పిల్లలకు పాట నేర్పించాలన్న కోరిక చిన్న పట్టణాలకు విస్తరించింది. ఆ కార్యక్రమంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఉచ్చారణను, శ్వాసను, శ్రుతిని గురించి చేసే వ్యాఖ్యలు సంగీతపు బడి గడప తొక్కనివారికి కూడా గాత్ర శిక్షణలోని మాటలను పరిచయం చేశాయి. అదే కాలంలో పాట లేని వాద్య సంగీతపు ‘ట్రాక్’ మీద పాడడం అలవాటయింది. ట్రాక్ శ్రుతి మూల గాయకునిది. పన్నెండేళ్ల బాలుడు ముప్పై ఏళ్ల పురుషుని శ్రుతిలో పాడతాడు, లేదా సినిమాలో స్త్రీ పాడిన పాటను ఆమె శ్రుతిలోనే ఎత్తుకుంటాడు. ట్రాక్ శ్రుతిని మార్చే సాధనం ఇప్పుడు చేతి ఫోనులోనే ఉంది. మార్చాలని తెలిసినవారు కావాలి.

జంగారెడ్డిగూడెం వంటి పట్టణంలో ఒక్క ఉపాధ్యాయుడు సరళీస్వరాలు చెప్పాలి, కీర్తన చెప్పాలి, బడి వార్షికోత్సవానికి సినిమా పాట కూడా తయారుచేయాలి. ఆ ఉపాధ్యాయుని చేతిలో ఉన్న డిప్లొమా ఆయన ఎన్ని కృతులు పాడగలడో పరీక్షించినది. పదమూడేళ్ల పిల్లవాడి గొంతు బొంగురుపోయినప్పుడు అది జలుబా, వయస్సా, హెచ్చు శ్రుతా అని గుర్తించగలడా అన్నది పరీక్షించలేదు. పారుపల్లివారికి ఆ పరీక్ష అక్కరలేకపోయింది, ఎందుకంటే ఆ పిల్లవాడు ఆయన ఇంట్లోనే ఉండేవాడు. వారానికి రెండు గంటలు మాత్రమే కనిపించే పిల్లవాడి విషయంలో ఉపాధ్యాయునికి ఆ జ్ఞానం శిక్షణ ద్వారానే రావాలి. ప్రవేశం పొందిన విద్యార్థి పేరు పక్కన వయస్సు, లింగం రాసే పట్టికలో శ్రుతి అని ఇంకొక గడి గీసి, ఆరు నెలలకొకసారి దాన్ని దిద్దడానికి కొత్త ప్రణాళిక కూడా అవసరం లేదు.