వాసన నుంచి వెలుగు వరకు: మోటారుకారు ఏసీలో శీతలక వాయువు లీకును గుర్తించిన పద్ధతుల చరిత్ర

వ్యాససంగ్రహం: మోటారుకారు ఏసీలో శీతలక వాయువు లీకును కనిపెట్టడానికి గత శతాబ్దంలో అనుసరించిన పద్ధతులను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. వాయువు మనిషికి నిరపాయకరంగా మారినకొద్దీ దాని లీకు ఇంద్రియాలకు అందకుండా పోయిందనీ, ఆ లోటును పూరించడానికే ఒక్కొక్క పరీక్షా పుట్టిందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: శీతలకం, లీకు, హాలైడ్ దీపం, ఓజోన్, సాంకేతిక చరిత్ర.

ప్రస్తావన

పాత కారులో చల్లదనం తగ్గినప్పుడు తెలుగు వ్యవహారంలో వినిపించే మాట 'గ్యాస్ అయిపోయింది'. పెట్రోలు అయిపోయింది, బియ్యం అయిపోయాయి అన్నట్లే ఇదీ. కాని ఏసీలోని శీతలకం వాడకంతో ఖర్చయ్యే పదార్థం కాదు. కంప్రెసర్ దానిని ఒత్తిడికి గురిచేస్తుంది. కండెన్సర్‌లో అది వేడిని వదిలి ద్రవమవుతుంది. కూలింగ్ కాయిల్‌లో కారు లోపలి వేడిని గ్రహించి తిరిగి ఆవిరవుతుంది. మూసిన వలయంలో అదే వాయువు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడినుంచో బయటికి పోయిందని అర్థం. 'అయిపోయింది' అన్న క్రియ ఆ 'ఎక్కడినుంచి' అన్న ప్రశ్నను మరుగుపరుస్తుంది. ఆ ప్రశ్నకు సమాధానం వెదికిన పద్ధతులకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది.

1. ముక్కే పరికరమైన కాలం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో శీతల యంత్రాలలో అమోనియా, సల్ఫర్ డై ఆక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మొదటి రెండింటి ఘాటు వల్ల కొద్దిపాటి లీకు కూడా ముక్కుకు తెలిసేది. అతుకు ఎక్కడ వదిలిందో తెలుసుకోవడానికి, అమోనియా యంత్రం దగ్గర గంధకపు పుల్ల వెలిగించేవారు. సల్ఫర్ డై ఆక్సైడ్ యంత్రమైతే అమోనియాలో తడిపిన గుడ్డను దగ్గర పెట్టేవారు. లీకు ఉన్నచోట తెల్లని పొగ లేచేది.

అయితే ఈ వాయువులు విషతుల్యాలు. బెర్లిన్‌లో ఒక కుటుంబం రిఫ్రిజిరేటర్ నుంచి వెలువడిన వాయువుకు బలైందన్న వార్త ఐన్‌స్టీన్‌ను, లియో జిలార్డ్‌ను కలచివేసింది. కదిలే భాగాల చుట్టూ ఉండే సీళ్ళే లీకుకు మూలమని భావించి, వారిద్దరూ 1926 నుంచి కదిలే భాగాలే లేని రిఫ్రిజిరేటర్ల నిర్మాణానికి పూనుకొన్నారు. లీకును వెదకడం కాక, లీకయ్యే చోటునే తొలగించడం వారి మార్గం.

2. వాసన లేని వాయువు

అమెరికా పరిశ్రమ మరొక మార్గం పట్టింది. జనరల్ మోటార్స్ సంస్థ తరఫున థామస్ మిడ్జ్‌లీ, ఆల్బర్ట్ హెన్నీ, రాబర్ట్ మెక్‌నేరీ 1928లో డైక్లోరోడైఫ్లోరోమీథేన్‌ను శీతలకంగా ఎంపిక చేశారు. ఫ్రియాన్ అన్న వ్యాపారనామంతో ప్రసిద్ధమైన ఆర్-12 ఇదే. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్జ్‌లీ ఆ వాయువును పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది. విషం కాదు, మండదు అని ఒకే చర్యతో రుజువైంది.

ఇళ్ళలోని రిఫ్రిజిరేటర్లలో మోటారును, కంప్రెసర్‌ను ఒకే ఉక్కు కవచంలో పెట్టి మూసివేయడంతో లీకు సమస్య చాలావరకు తీరింది. కారులో అది సాధ్యం కాలేదు. కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టు తిప్పాలి కనుక దాని షాఫ్టు బయటికి రావలసిందే. ఇంజన్ అదురుకు లోహపు గొట్టాలు తట్టుకోలేవు కనుక మధ్యలో రబ్బరు గొట్టాలు ఉండవలసిందే. ప్యాకార్డ్ సంస్థ 1940 నమూనా కార్లలో తొలిసారి ఏసీ అమర్చింది. వాటి కంప్రెసర్‌కు క్లచ్ కూడా లేదు. దానిని ఆపాలంటే బెల్టు ఊడదీయాలి. జిలార్డ్, ఐన్‌స్టీన్ తప్పించదలచిన కదిలే షాఫ్టు, దాని సీలు కారులో స్థిరపడ్డాయి. లీకయ్యే అవకాశం మిగిలింది. తెలిపే వాసన మాత్రం పోయింది.

3. ఆకుపచ్చని మంట

ఈ లోటును పూరించినది హాలైడ్ దీపం. దీని మూలం 1872లో రసాయన శాస్త్రవేత్త బైల్‌స్టైన్ వర్ణించిన పరీక్ష: వేడెక్కిన రాగికి క్లోరిన్ ఉన్న పదార్థం తగిలితే మంట ఆకుపచ్చగా మారుతుంది. దీపానికి తగిలించిన సన్నని గొట్టాన్ని మెకానిక్ అతుకుల వెంట నడిపేవాడు. మంటకు కావలసిన గాలి ఆ గొట్టం గుండానే వచ్చేది. ఆర్-12 అందులో కలిస్తే మంట రంగు మారేది. అయితే మంటలో పడిన ఆర్-12 నుంచి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టగలదు. నిరపాయకరమైన వాయువును పట్టుకొనే పరీక్షలోనే అపాయం చేరింది.

దీపంతో పాటు కంటిచూపు కూడా పరీక్షా సాధనమే. కంప్రెసర్ నూనె శీతలకంతో కలిసి తిరుగుతుంది కనుక వాయువు పోయినచోట నూనె మరక ఏర్పడి, దాని మీద దుమ్ము పేరుకొంటుంది. షాఫ్టు సీలు, గొట్టాల చివరి బిగింపులు, ఓ-రింగులు, రాళ్ళదెబ్బ తిన్న కండెన్సర్ ముఖం అనుభవజ్ఞులు మొదట చూసే స్థానాలు. ఈ వాయువు గాలికంటే బరువైనది కనుక అతుకు కిందివైపు వెదకాలి. డ్యాష్‌బోర్డు లోపల దాగిన కూలింగ్ కాయిల్‌ను, దాని నీరు కారే గొట్టం దగ్గర పరీక్షించాలి.

4. షెడ్డు దాటిన లీకు

1957లో జేమ్స్ లవ్‌లాక్ హాలోజన్ పదార్థాలను అతిస్వల్ప పరిమాణంలో పసిగట్టే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌ను రూపొందించాడు. 1971లో బయలుదేరిన షాకిల్‌టన్ నౌకాయాత్రలో, ఆర్-12 కుటుంబానికే చెందిన సీఎఫ్‌సీ-11 అట్లాంటిక్ గాలిలో అంతటా ఉన్నట్లు దానితో కనుగొన్నాడు. పీల్చదగినంత నిరపాయకరమైన ఈ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీయగలవని 1974లో మొలీనా, రోలాండ్ నిరూపణకు పూనుకొన్నారు. ఇవి భూమిని వేడెక్కించగలవని 1975లో భారతీయ శాస్త్రవేత్త వి. రామనాథన్ చూపాడు. అతుకు దగ్గర కనబడని లీకు ఆకాశంలో కనబడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

కొత్త కార్లలోకి ఆర్-134ఎ వచ్చింది. ఇందులో క్లోరిన్ లేదు కనుక ఓజోన్‌కు హాని లేదు. అదే కారణం చేత హాలైడ్ దీపపు మంట రంగు మారదు. దీనితో మంట స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరం, నూనెలో కలిపి అతినీలలోహిత కాంతిలో చూసే మెరిసే రంగు, నైట్రోజన్ ఒత్తిడి, సబ్బునురగ ప్రధాన సాధనాలయ్యాయి. వ్యవస్థను శూన్యం చేసి గేజీ ముల్లు నిలుస్తుందో లేదో చూసే పరీక్ష వీటికి తోడు మాత్రమే. శూన్యస్థితిలో అతుకుపై పడే ఒత్తిడి వాతావరణ పీడనాన్ని మించదు. నడుస్తున్న ఏసీలో అధిక పీడన భాగం దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. శూన్యంలో నిలిచిన అతుకు ఒత్తిడిలో వదలవచ్చు.

ఉపసంహారం

యూరోపియన్ యూనియన్ 2006 నాటి ఆదేశం ఇలాంటి ఏసీల లీకును పూర్తిగా నిషేధించలేదు. ఒకే కాయిల్ ఉన్న కారుకు ఏడాదికి 40 గ్రాములు, రెండు ఉంటే 60 గ్రాములని హద్దు విధించింది. షాఫ్టు సీలు, రబ్బరు గొట్టం ఉన్నంతకాలం కొంత లీకు తప్పదని చట్టమే అంగీకరించిందన్నమాట. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తగ్గడం వేరు, వేసవికొకసారి ఖాళీ కావడం వేరు. రెండవది రోగం, దానికి నిదానం కావాలి. ఆర్-134ఎ వందేళ్ళ లెక్కలో కార్బన్ డై ఆక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో వాయువు పోతే దాదాపు 715 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వదిలినట్లే. ఈ తరగతి వాయువుల తగ్గింపుకు 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారతదేశం 2021లో ఆమోదించింది.

లీకు వెదకకుండా గ్యాస్ నింపించడం చౌకగా తోచవచ్చు. ఆ ఖర్చులో యజమాని చెల్లించేది ఒక భాగమే. ముక్కు, మంట, పరికరం, కాంతి అన్న ఈ క్రమం ఒక సంగతిని రుజువు చేస్తున్నది: మనిషికి హాని లేదన్న కారణంతో వాయువు పోకను ఉపేక్షించిన ప్రతిసారీ ఆ హాని మరొకచోట బయటపడింది. కాబట్టి పాత కారు విషయంలో 'గ్యాస్ అయిపోయింది' అన్న వాక్యం నిర్ధారణ కాదు, 'ఎక్కడినుంచి పోయింది?' అన్న పరిశోధనకు ప్రారంభం.