ధ్వని ప్రయాణము: దక్కను రేడియో నుండి సెల్‌ఫోను వరకు

హైదరాబాదు పాతబస్తీలో ఇద్దరు విద్యార్థులు తమ తమ సెల్‌ఫోనులలో ఒకే తెలుగు పాఠమును వినుచున్నారనుకొందము. పాఠము ఒకటే, చెప్పిన గొంతు ఒకటే, ఇంటర్నెట్టులో అది ఉంచబడిన చోటును ఒకటే. అయినను ఒకనికి "సకలము" అను మాట స్పష్టముగా వినబడినది. రెండవవానికి అది సకలమో, శకలమో తెలియలేదు. మొదటి మాటకు అంతయు అని అర్థము, రెండవదానికి ముక్క అని అర్థము. లోపము పంపినచోట ఉన్నదా, దారిలో ఉన్నదా, వినినవాని యంత్రములో ఉన్నదా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఈ నగరమున రేడియో పుట్టిన నాటినుండియు ఉన్నదే.

1935 ఫిబ్రవరి 3వ తేదీన హైదరాబాదులో దక్కను రేడియో ప్రసారములు ప్రారంభమైనవి. నాటి ప్రసారయంత్రపు శక్తి 200 వాట్లు మాత్రమే. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె వాడుకొను శక్తిలో ఇది ఐదవ వంతు. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వము ఈ కేంద్రమును స్వీకరించినది. తరువాత అది ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైనది.

మధ్యతరంగ ప్రసారములలో ఒక కేంద్రపు ధ్వని ప్రక్క కేంద్రపు ధ్వనితో కలియకుండుటకై ప్రతిదానికిని ఇరుకైన దారి కేటాయింతురు. మన దేశమున పాటించు 9 కిలోహెర్ట్జుల ఎడములో సుమారు 4,500 హెర్ట్జుల వరకు గల ధ్వనులే చక్కగా సాగగలవు. చిన్నవారి చెవి దాదాపు 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. "స" పలుకునప్పుడు వచ్చు బుసలో అధికభాగము 4,000 హెర్ట్జులకు పైననే ఉండును. "శ" బలము అంతకు దిగువనే మొదలగును. కనుక దారి ఇరుకైనచో మొదట దెబ్బతినునది "స".

ఆ దారి దాటి వచ్చిన ధ్వనియైనను అన్ని ఇండ్లలో ఒకేవిధముగా పలుకలేదు. కొయ్యపెట్టెలో పెద్ద స్పీకరు గల వాల్వు రేడియో తబలా గంభీరనాదమును నిండుగా వినిపించెడిది. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు కనుగొనబడిన పిమ్మట రేడియో చేతిలో ఇమిడినది గాని, చిన్న స్పీకరులో ఆ నాదము పలుచబడినది. అయినను ఏ రేడియోయైనను పట్టుకొన్న తరంగము ఒక్కటే. "నాకు ఈ రకపు ధ్వని పంపుము" అని ఏ రేడియోయు కేంద్రమును అడుగలేదు.

ఇంటర్నెట్టులో జరుగునది సరిగా ఇదే: యంత్రము అడుగును, కేంద్రము దానికి తగినట్లు పంపును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. రెండు స్పీకర్లకు కలిపి ఇది సెకనుకు 14,11,200 బిట్లగును. ఇంత బరువును మోయుట కష్టము కనుక, పెద్ద ధ్వని చాటున చెవికి అందని చిన్న ధ్వనులను విడిచివేయు పద్ధతులను కనుగొనిరి. జర్మనీలో ముఖ్యముగా రూపొందిన ఎమ్‌పీ3 వాటిలో ప్రసిద్ధము. 128 కిలోబిట్ల ఎమ్‌పీ3 అసలు బరువులో పదునొకండవ వంతు మాత్రమే. తరువాత 1997లో ఏఏసీ, 2012లో ఓపస్ ప్రమాణములైనవి.

అయితే అన్ని బ్రౌజరులకును అన్ని పద్ధతులును తెలియవు. 2009లో ఫైర్‌ఫాక్సు వోర్బిస్ అను ఉచితపద్ధతిని స్వీకరించినది గాని, పేటెంటుల కారణమున ఎమ్‌పీ3ను స్వీకరింపలేదు. సఫారి ఎమ్‌పీ3ను స్వీకరించి వోర్బిస్‌ను విడిచినది. కనుక ఒకే పాటకు రెండు ప్రతులు ఉంచవలసి వచ్చెను. రెండు ప్రతులు ఒకే మేలిమి గలవి కానక్కరలేదు. స్పాటిఫై సంస్థ చాలకాలము చందాదారులకు తన అప్లికేషనులో 320 కిలోబిట్ల వరకును, బ్రౌజరులో 256 వరకును మాత్రమే ఇచ్చినది.

ఇక దారి సంగతి. 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతిలో ధ్వనిని కొన్ని సెకనుల తునకలుగా కోసి, ప్రతి తునకను పలు మేలిములలో సిద్ధపరతురు. రంజాను రాత్రి చార్మినారు వద్ద వేలకొలది ఫోనులు ఒకే టవరును పంచుకొనునప్పుడు, ఫోను తక్కువ బరువుగల తునకను అడుగును. పాట ఆగదు, మేలిమి తగ్గును.

చివరి ద్వారము మన చెవివద్దనే ఉన్నది. బ్లూటూత్ ఇయర్‌ఫోనులోని మైకు పనిచేయుచున్నంతసేపు, అనేక యంత్రములు ధ్వనిని సెకనుకు 8,000 లేక 16,000 మారులు మాత్రమే కొలుచును. కొలతల సంఖ్యలో సగమునకు మించిన పౌనఃపున్యము వాటిలో నిలువదు. అనగా 8,000 కొలతలలో 4,000 హెర్ట్జులకు పైనున్నది పోయినట్లే. దక్కను రేడియో నాటి ఇరుకుదారి ఇక్కడ మరల ఎదురైనది! ఆన్‌లైను తరగతిలో "స"కు "శ" వ్రాసిన బాలుని మందలించుటకు ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి తలంపవలెను.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. సరము–శరము, సకలము–శకలము వంటి పది మాటలను కలగలిపి, ఒక విద్యార్థి దూరమునుండి ఫోనులో చదువవలెను. వినువారు మొదట తీగగల ఇయర్‌ఫోనుతోను, పిదప బ్లూటూత్ మైకుతోను విని వ్రాయవలెను. తప్పులను లెక్కించి పోల్చిన యెడల కారణము వారికే తెలియును. పాఠము రికార్డు చేయువారు మాత్రము మేలైన అసలు ప్రతిని భద్రపరచుకొనవలెను. బరువు తగ్గించుటలో ఒకసారి విడిచిన ధ్వనిని తిరిగి తేగల యంత్రము లేదు.