గోగునార మిల్లుకి, గోగుకాయ ఎవరికి?



పట్నాల్లో పెద్ద దుకాణాలకి వెళితే ఇప్పుడు ‘హైబిస్కస్ టీ’ అని అందమైన అట్టపెట్టెలు కనిపిస్తాయి. మీలో చాలామంది చూసే ఉంటారు. వేడినీళ్ళలో వేస్తే రెండు నిమిషాల్లో దానిమ్మరసం రంగు దిగుతుంది. నాలిక మీద పుల్లగా తగులుతుంది. పెట్టె మీద ఎర్రపువ్వు బొమ్మ చూసి అది మన పెరట్లో పూసే మందారమే కాబోలు అనుకుంటాం. మందారం దానికి చుట్టమే గాని, అది మాత్రం కాదు. పెట్టెలో ఉన్నది గోంగూర! ఎర్ర గోంగూర మొక్కకి పసుప్పచ్చని పువ్వు పూసి రాలిపోయాక, కాయని పొదివి పట్టుకుని దళసరిగా ఎదిగే ఎర్రటి రేకులున్నాయి చూడండి, అవి ఎండబెట్టినవి అన్నమాట. వాటినే మనం గోంగూర కాయలంటాం, కొందరు గోంగూర పువ్వులంటారు, పచ్చడి చేసుకుంటాం.

అసలు దాన్ని టీ అనడమే తప్పు. టీ అంటే తేయాకు పొద ఒక్కటే. తక్కినవన్నీ మన భాషలో కషాయాలు. కషాయం అంటే జ్వరం గుర్తొస్తుంది, టీ అంటే చుట్టాలు గుర్తొస్తారు. అందుకని వ్యాపారస్థులు ఆ పేరు తగిలించారు. పేరు మారితే ధర కూడా మారుతుంది గదా!

నాది నెల్లిమర్ల. విజయనగరం పక్కన చంపావతి నది ఒడ్డున ఉన్న ఊరు. మా ఊరికి పేరు తెచ్చింది జూట్ మిల్లు. స్వాతంత్ర్యానికి ముందునుంచీ ఉన్న మిల్లు అది. దాని కూత విని ఎసరు పెట్టుకున్న ఇళ్ళు మావి. మిల్లు ఇక్కడికి రావడానికి కారణం చుట్టుపక్కల పండే గోగు. అందుకే గోంగూర టీ పెట్టె చూసినప్పుడు, ఈ మొక్కని ఇన్ని తరాలుగా పండించిన మా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకి ఈ పానీయం ఎందుకు తెలియకుండా పోయిందా అని నాకు ఆశ్చర్యం వేసింది. వెతుక్కుంటూ పోతే దాని వెనక పెద్ద కథే ఉంది.

గోగులో ఇద్దరు అప్పచెల్లెళ్ళున్నారు. ఒకటి నార కోసమే పుట్టినట్టు నిటారుగా పెరిగే గోగు. రెండోది పుల్ల గోంగూర. ఈ రెండోదానిలో మళ్ళీ నారకి వేసే పొడుగు రకం వేరు, వంటకి వేసే గుబురు రకం వేరు. నారరకం కాయకి కండ ఉండదు. కండగల ఎర్రకాయ వంటరకానికే కాస్తుంది. ఈ నార భీమునిపట్నం రేవునుంచి ఓడలెక్కి పోయేది గనక దొరల వ్యాపారంలో దీనికి ‘బిమ్లీ జూట్’ అని పేరు స్థిరపడిపోయింది. బిమ్లిపటం అంటే వాళ్ళ నోట్లో నలిగిన భీమునిపట్నమే. ఆ పక్కనే చిట్టివలసలో పందొమ్మిదో శతాబ్దంలోనే జూట్ మిల్లు వెలిసింది.

1947లో దేశం రెండు ముక్కలైంది. జనపనార పండే భూముల్లో ఎక్కువభాగం తూర్పు పాకిస్తానుకి పోయాయి, మిల్లులేమో కలకత్తా చుట్టుపక్కల మనకి మిగిలాయి. 1949లో మన రూపాయి విలువ తగ్గించారు, పాకిస్తాన్ తగ్గించలేదు; దాంతో రెండు దేశాల మధ్యా సరుకు కదలడమే కష్టమైంది. మిల్లులకి నార కావాలి, ఎక్కడినించి తేవాలి? అలా గోగుకి గిరాకీ పెరిగింది. శ్రీకాకుళం దగ్గర ఆమదాలవలసలో గోగు మీద పరిశోధనలు చేసే వ్యవసాయ కేంద్రం పనిచేసింది, కొత్త రకాలు విడుదల చేసింది. నార ఎన్ని బేళ్ళు, ఎకరానికి ఎంత దిగుబడి, అన్నిటికీ లెక్కలు రాశారు.

ఇక్కడే ఒక కీలకం ఉంది. మేలైన నార కావాలంటే గోగుని పూత మీద ఉన్నప్పుడే కోసెయ్యాలి. కాయ ముదిరేదాకా ఆగితే నార బిరుసెక్కుతుంది. అంటే మిల్లుకి కావలసిన సమయం వేరు, వంటింటికి కావలసిన సమయం వేరు. పూత మీద కోసిన చేలో కాయ ఎక్కడుంటుంది? విత్తనానికని వదిలేసిన నాలుగు మొక్కలు, గట్టు మీద ఆడవాళ్ళు పచ్చడికని వేసుకున్న నాలుగు ఎర్ర గోంగూర మొక్కలు, అంతే. ఆ కాయల లెక్క ఏ కాగితంలోకీ ఎక్కలేదు. సంతలో అమ్మింది కాదు, పన్ను కట్టింది కాదు. వంటింట్లో పుట్టి వంటింట్లోనే అయిపోయింది.

కోసిన గోగు మోపులు కట్టి చెరువులోనో గెడ్డలోనో ఊరవేస్తారు. రెండు మూడు వారాలకి బెరడు కుళ్ళి నార వదులవుతుంది. ఆ వాసన తెలిసినవాళ్ళకే తెలుసు! ఆ నీళ్ళలో నడుంలోతున నిలబడి ఒక్కొక్క కర్రనించీ నార ఒలిచి, జాడించి, దండేల మీద ఆరేసిన చేతుల్లో సగం ఆడచేతులే. చేతులు పాసిపోయేవి, కాళ్ళు ఒరిసిపోయేవి. మా అమ్మమ్మ ఆ పని చేసింది. నార ఒలిచాక మిగిలిన తెల్లటి పుల్లలు పొయ్యిలోకి, దడికి. నారేమో బండెక్కి మిల్లుకి. ఆవిడ దాచుకున్నదల్లా గట్టుమీది ఎర్రకాయలు. వాటిని ఒలిచి చేటలో ఎండబెట్టి, చింతపండు లేని రోజుల్లో పులుసులోకి వేసేది, దగ్గొచ్చినప్పుడు బెల్లం ముక్క వేసి కాచి ఇచ్చేది. నేను ఉత్సాహం కొద్దీ కాయలన్నీ తెంపబోతే, “ఏటే గుంటా, అన్నీ ఇరిచెత్తన్నావు, ఇత్తనానికి ఉండనీ” అని కసురుకునేది.

మరి అదే కాలంలో మిల్లు గేటు దగ్గర ఏం తాగేవారు? టీ! ఇది ఊరికే జరగలేదండీ. 1903లో ప్రభుత్వం తేయాకు మీద సెస్సు విధించి, ఆ సొమ్ముని టీ ప్రచారానికి కేటాయించింది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత మిల్లుల్లో, గనుల్లో కూలీలకి టీ దుకాణాలు పెట్టించారు. రైల్వే స్టేషన్లలో టీ ఎలా కాయాలో రాసి బోర్డులు కట్టారు. ఉచితంగా కప్పులు పంచారు. ఇంకో విచిత్రం చూడండి. గంజాం, విశాఖపట్నం జిల్లాల నించి మనవాళ్ళు ఎందరో అస్సాం తేయాకు తోటలకి కూలికి వలసపోయారు, వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. మన ఆడవాళ్ళు అక్కడ ఆకు కోశారు, ఇక్కడ నార ఒలిచారు. వాళ్ళు కోసిన ఆకు మన ఊరికి డబ్బాలో వచ్చింది, మన గట్టుమీది కాయ గట్టుమీదే ఉండిపోయింది. టీ మీద నాకేం కోపం లేదు, తెల్లారితే నాకూ టీ పడాల్సిందే. కాని ఒకదానికి వెనక సెస్సుల డబ్బు, ప్రచారకులు, బోర్డులు ఉన్నాయనీ, రెండోదానికి ముసలమ్మ చేట ఒక్కటే ఉందనీ గుర్తుపెట్టుకోవాలి.

మనం ఇలా ఉండగా తక్కిన ప్రపంచం ఈ కాయని నెత్తిన పెట్టుకుంది. ఈజిప్టు, సూడాన్ దేశాల్లో దీన్ని కర్కదే అంటారు. పెళ్ళిళ్ళలో ఇది లేకపోతే మర్యాద తక్కువైనట్టే. సెనెగల్‌లో బిస్సాప్. ఆఫ్రికానించి బానిసలుగా పట్టుకుపోయినవాళ్ళతోపాటే ఈ విత్తనం అట్లాంటిక్ సముద్రం దాటిందని చెబుతారు. 1707 నాటికే జమైకాలో ఇది ఉంది. అక్కడ క్రిస్‌మస్ వచ్చిందంటే అల్లం దంచి వేసి దీని పానకం కాయవలసిందే. ఆ జమైకా పేరుమీదే మెక్సికోవాళ్ళు దీన్ని ‘జమైకా నీళ్ళు’ అంటారు. జర్మనీవాళ్ళ పండ్ల టీలకి ఎర్రరంగు, పులుపు ఇచ్చేది ముఖ్యంగా ఇదే. 1972లో అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఒక కంపెనీ ‘రెడ్ జింగర్’ అని గోంగూర కాయ, అడవిగులాబి కాయ, నిమ్మగడ్డి కలిపి పొట్లాలు కట్టి అమ్మింది, అది దేశమంతా పాకిపోయింది. ఆ ఏళ్ళలో మా చేలల్లో గోగు ఇంకా బాగానే పండుతోంది!

తరవాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి. 1987లో కొన్ని సరుకులు గోనెసంచుల్లోనే నింపాలని చట్టం చేసినా, గోగు సాగు తగ్గుతూనే వచ్చింది. ఊరవెయ్యడానికి నీళ్ళు లేవు, ఒలవడానికి మనుషులు లేరు. ఆ నీళ్ళలోంచి ఆడవాళ్ళు బయటపడ్డందుకు నేను విచారించను. విచారమల్లా గట్టుమీది ఎర్రగోంగూర కూడా దాంతోపాటే పోతోందని. చేను మారితే గట్టు కూడా మారిపోతుంది.

ఇక ఇంట్లో చేసుకునే విధానం. కార్తీక మార్గశిరాల్లో కాయలొస్తాయి. కాయ లేతగా, ఎర్రగా, వేలితో నొక్కితే పెళుసుగా విరిగేటట్టున్నప్పుడు కోయాలి. తొడిమ దగ్గర చుట్టూ కోసి, లోపలి విత్తనాల కాయని బయటికి నెట్టెయ్యండి. రేకులు కడిగి, నీరు ఓడ్చి, పల్చటి బట్ట కప్పి గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. మండుటెండలో పెడితే రంగు వెలిసిపోతుంది. చివర్న ఒక పూట ఎండ చూపిస్తే చాలు. గలగలమనాలి, చేత్తో నలిపితే విరగాలి. మెత్తగా ఉండగానే డబ్బాలో పోస్తే బూజు పట్టడం ఖాయం. పది కిలోల పచ్చికాయ రేకులకి రమారమి ఒక కిలో ఎండువి వస్తాయి. గాజుసీసాలో దాచుకోండి. ఇది గట్టి పులుపు గనక అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెలు పనికిరావు. స్టీలులోనే కాయండి.

ఎండబెట్టడం మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. మామిడి ఒరుగులు, మామిడి తాండ్ర మన చేతిలో పనులే. విజయనగరం జిల్లా భీమాలి తాండ్ర ఎంత దూరం వెళుతోందో మీకు తెలుసు. నేను గోంగూర రేకులు మూడు వంతులు, ఎండు ఉసిరి ముక్కలు ఒక వంతు, ఎండిన నిమ్మగడ్డి ఒక వంతు, చిటికెడు శొంఠి కలిపి సీసాకెత్తుతాను. ఉసిరి ఎందుకంటారా? 1939–40లో హిస్సార్ ప్రాంతంలో కరువొచ్చి జనానికి చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు చేస్తే, ఉసిరిని మందుగా ఇచ్చి నయం చేశారు. పిల్లలకైతే శొంఠి మాని రెండు ఎండు ద్రాక్షలు వెయ్యండి. గ్లాసు నీళ్ళు మరగనిచ్చి, దించి, చెంచాడు మిశ్రమం వేసి మూతపెట్టి అయిదు నిమిషాలుంచితే చాలు. పొయ్యి మీద కుతకుతా ఉడికించకండి, వగరు దిగుతుంది. బెల్లం మీ ఇష్టం. పాలు మాత్రం పొయ్యకండి, విరిగిపోతాయి.

దీనికి రక్తపోటు తగ్గించే గుణం కొంత ఉంది. 2010లో అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంవారు రక్తపోటు కాస్త ఎక్కువున్న 65 మందితో పరీక్ష చేశారు. ఆరు వారాలపాటు రోజుకి మూడు కప్పులు గోంగూరకాయ టీ తాగినవాళ్ళకి పై అంకె సగటున 7 దాకా తగ్గింది. ఇది విని బీపీ మాత్రలు మానెయ్యకండమ్మా! మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు ఇది రోజూ తాగాలంటే డాక్టరుగారిని అడగండి. గర్భిణీలు దీని జోలికి పోవద్దు. పరగడుపున వద్దు, కడుపులో మంట ఉన్నవాళ్ళకి అసలే వద్దు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చిన చెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో రోజుకి ఒకటి రెండుసార్లు కషాయం తాగమంటే, మనవాళ్ళు కొందరు పూటపూటకీ పట్టించి గొంతులు మండించుకున్నారు. పుల్లకాయ దగ్గర ఆ పని చెయ్యకండి.

మేడమీద ఉండేవాళ్ళు పెద్ద కుండీల్లో పెంచుకోవచ్చు. జూన్, జులైలో విత్తితే పగళ్ళు కురచవుతున్నకొద్దీ పూతకొస్తుంది. దుకాణంలో ఊరికే గోంగూర విత్తనం అని అడిగితే ఆకుకూరకి వేసే తెల్లరకం ఇచ్చేస్తారు. ఎర్రకాడది, కాయ కండగా ఉండేది అని విప్పి అడగండి. దొరికాక మళ్ళీ కొనక్కర్లేకుండా ప్రతి మొక్కకీ నాలుగు కాయలు కోయకుండా చెట్టుమీదే వదిలేసి, అవి పూర్తిగా ఎండి గోధుమరంగుకి తిరిగాక విత్తనం దులిపి, బూడిదలో కలిపి పొడి సీసాలో పెట్టుకోండి.